తేయాకు పెట్టెలూ, తుపాకులూ



కోస్తా జిల్లాల్లో ఇంటికొచ్చినవాళ్లని "టీ తాగుతారా?" అని అడుగుతాం. హైదరాబాదులో "చాయ్ తాగుతరా?" అంటారు. గిన్నెలో మరిగేది ఒకటే, పేర్లు మాత్రం రెండు. ఇందులో ఏది మన మాట, ఏది పరాయి మాట అని వాదులాడుకోనక్కర్లేదు. రెండూ చైనా నుంచి వచ్చినవే. చైనా ఆగ్నేయ సముద్రతీరాన, ఫుజియన్ వైపు వాళ్లు ఆ ఆకుని "తె" అంటారు. డచ్చి వర్తకులు ఆ పేరుతోనే ఓడలకెక్కించి ఐరోపాకి తీసుకుపోతే, ఇంగ్లీషు వాళ్ల నోట అది "టీ" అయింది. చైనాలో మిగతా చాలాచోట్ల దాని పేరు "చా". అది నేలదారిన పడమటికి నడిచి పారశీకుల నోట "చాయ్" అయింది. రష్యావాళ్లు కూడా చాయ్ అనే అంటారు. వాళ్లకది మొదట ఓడలో రాలేదు మరి. పక్కింటి నుంచి, పెరటి గుమ్మం గుండా వచ్చింది.

ఆ పెరటి గుమ్మం కథే ఇవాళ చెబుతున్నాను. చరిత్ర అంటే రాజులూ తేదీలూ, మనకెందుకు లెమ్మని పేజీ తిప్పేయకండి. ఇందులో తేయాకు వుంది, విరేచనాల మందు వుంది, ఆడవాళ్లని రానివ్వని ఊరొకటి వుంది.

రష్యా, చైనా రెండూ మహాసామ్రాజ్యాలే. ఇప్పుడు వాళ్ల మధ్య సరిహద్దు సుమారు 4,200 కిలోమీటర్లు. కానీ నాలుగువందల ఏళ్ల కిందట వీళ్లు ఇరుగుపొరుగులు కారు. మధ్యలో సైబీరియా అడవులు, మంగోలియా మైదానాలు, వాటిల్లో వాళ్ల బతుకేదో వాళ్లు బతికే చిన్న చిన్న జాతులు. రష్యా వాళ్లని తూర్పుకి నడిపించింది ఒక చిన్న జంతువు. సేబుల్ అంటారు, మన ముంగిసంత వుంటుంది. దాని బొచ్చుకి ఐరోపాలో బంగారంతో సమానమైన విలువ. ఆ బొచ్చు కోసం కసాక్కులనే సాహసికులు ఏరు దాటి ఏరు, కొండ దాటి కొండ పోతూ 1640ల నాటికి ఆమూర్ నది దాకా వచ్చేశారు. అక్కడి దౌర్ జాతి పల్లెల్ని దోచారు, తగలబెట్టారు. ఆ వచ్చినవాళ్లలో ఖబారోవ్ అనే ఆయన పేరు ఇప్పటికీ అక్కడొక పెద్ద నగరానికి వుంది. దౌర్ వాళ్ల పల్లెల పేర్లు ఎవరికీ గుర్తులేవనుకోండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1644లో, మంచూలు పెకింగు నగరాన్ని పట్టుకుని చైనాకి చక్రవర్తులయ్యారు. ఆమూర్ వాళ్ల పుట్టింటి వైపు. పుట్టింటి పెరట్లో ఎవడో వచ్చి పాక వేసుకుంటే ఊరుకుంటారా? ఆమూర్ ఒడ్డున అల్బజీన్ అనే చోట రష్యావాళ్లు కట్టిన కోటని కాంగ్‌షీ చక్రవర్తి సేనలు 1685లో పడగొట్టాయి. రష్యావాళ్లు మళ్లీ వచ్చి కట్టుకున్నారు. 1686లో మళ్లీ ముట్టడి. లోపలున్న ఎనిమిది వందల పైచిలుకు మందిలో చివరికి వందమంది కూడా మిగల్లేదు. పోయినవాళ్లలో ఎక్కువమంది తుపాకీ గుండుకి కాదు, పచ్చికూర, పండు దొరక్క వచ్చే స్కర్వీ జబ్బుకి పోయారు.

పట్టుబడిన రష్యన్లలో కొందరిని చక్రవర్తి పెకింగు తీసుకుపోయి తన సైన్యంలో చేర్చుకున్నాడు. ప్రార్థన చేసుకోవడానికి ఒక పాత గుడి ఇచ్చాడు. అక్కడి శిక్షల శాఖ చేతుల్లో వున్న ఆడవాళ్లనిచ్చి పెళ్లిళ్లు కూడా చేశారంటారు. ఆ ఆడవాళ్ల అభిప్రాయం ఎవరైనా అడిగారో లేదో చరిత్రకారులు రాయలేదు. వాళ్ల సంతతి వాళ్లు "అల్బజీన్ వాళ్లు" అనే పేరుతో ఇవాళ్టికీ చైనాలో వున్నారు. ముఖాలు చైనా ముఖాలు, మతం మాత్రం రష్యా వారి క్రైస్తవం.

ఇక 1689లో నెర్చిన్‌స్క్ అనే చోట రెండు పక్షాలూ గుడారాలు వేసుకుని కూర్చున్నాయి. రష్యా తరఫున గొలొవిన్, చైనా తరఫున సొంగొతు. చిక్కేమిటంటే ఒకరి భాష ఇంకొకరికి సరిగ్గా రాదు. మధ్యలో మాట చెప్పిందెవరయ్యా అంటే పెకింగు కొలువులో వున్న ఇద్దరు జెస్యూట్ పాదర్లు. ఒకరు ఫ్రెంచివారు జెర్బియోన్, ఒకరు పోర్చుగీసువారు పెరేరా. ఇంకేం, రెండిళ్ల పెరటి గోడ తగువు ఇద్దరికీ సొంతం కాని లాటిను భాషలో పరిష్కారమయింది. మూలప్రతి లాటినులోనే రాసుకున్నారు. ఐరోపా దేశంతో చైనా సమానస్థాయిలో చేసుకున్న మొదటి ఒప్పందం అదే.

ఇద్దరూ అంత తొందరగా రాజీకెందుకొచ్చారు? మంచితనం వల్లనేం కాదు. కాంగ్‌షీకి పడమటి నుంచి జుంగార్ల నాయకుడు గల్దాన్ తో ప్రమాదం ముంచుకొస్తోంది. రష్యాకి దక్షిణాన తురుష్కులతో పేచీ. ఇటు తగువు పెట్టుకుంటే అటు ఇల్లు కాలుతుంది. అందుచేత రష్యా అల్బజీన్ వదులుకుంది, చైనా వర్తకానికి సరేనంది. భూమి ఒకరికి, బేరం ఒకరికి.

ఇప్పుడు తేయాకు సంగతి. 1638లోనే స్తార్కోవ్ అనే రష్యా దూత మంగోలు ఖాను దగ్గరికి వెళ్తే, జారు చక్రవర్తికి కానుకగా నాలుగు పూడ్లు, అంటే సుమారు 65 కిలోల తేయాకు ఇచ్చాడు ఖాను. "ఈ ఎండుటాకులు మాకెందుకు, దీనికి బదులు బొచ్చుతోళ్లు ఇవ్వండి" అని దూత గునిశాడట. ఖాను బలవంతాన అంటగట్టాడు. మాస్కోలో కాచుకు తాగి చూశారు, రుచి పట్టింది. మన తాతముత్తాతలు మొదట్లో కాఫీనీ, టీనీ ఎలా చీదరించుకున్నారో, తర్వాత ఏమయిందో మీకు తెలుసు కదా.

1727లో కుదిరిన క్యాఖ్తా ఒప్పందంతో ఈ వర్తకానికి ఒక ఇల్లూ వాకిలీ ఏర్పడ్డాయి. రష్యా తరఫున సావా వ్లదిస్లావిచ్ అనే గడుసు రాయబారి దీన్ని కుదిర్చాడు. సరిహద్దు మీద రష్యా వైపు క్యాఖ్తా అనే ఊరు, దానికెదురుగా నడిచిపోయేంత దూరంలో చైనా వైపు మైమైచెంగ్ అనే ఊరు. ఆ పేరుకి అర్థం "కొను-అమ్ము ఊరు". ఇంకో తమాషా కూడా ఆ ఒప్పందంలో వుంది. జారు, చైనా చక్రవర్తి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోకూడదు. రాసుకుంటే ఎవరి బిరుదు ముందు వేయాలి, ఎవరు ఎవరికి తలవంచాలి అనే పేచీ వస్తుంది. అందుకని రష్యా సెనేటు, చైనాలో సరిహద్దు జాతుల వ్యవహారాలు చూసే శాఖ, ఈ రెండే రాసుకోవాలి. పెళ్లిళ్లలో వియ్యపురాళ్లు నేరుగా మాట్లాడుకోకుండా మధ్యవాళ్ల ద్వారా కబుర్లంపుకుంటే చాలా గొడవలు తప్పుతాయి చూడండి, అదే లౌక్యం.

మైమైచెంగ్ లోకి ఆడవాళ్లకి ప్రవేశం లేదు. చైనా షాన్సీ రాష్ట్రం నుంచి వచ్చిన వర్తకులు భార్యాబిడ్డల్ని వేలమైళ్ల దూరంలో వదిలి, ఏళ్ల తరబడి అక్కడ ఒంటరిగా వుండాల్సిందే. ఆడది అడుగు పెడితే సంసారం వెలుస్తుంది, సంసారం వెలిస్తే సరిహద్దులో స్థిరపడిపోతారు, స్థిరపడితే సర్కారు అదుపులో వుండరు. అదీ చక్రవర్తుల లెక్క. వందేళ్లకి పైగా ఆ ఊళ్లో వంటా, దీపం పెట్టడం, పండగ అన్నీ మగవాళ్లే చేసుకున్నారు. అటు షాన్సీలో పెద్ద పెద్ద ఇటుక మేడల్లో వాళ్ల ఆడవాళ్లు మామగారి కొలువులో జీవితాలు గడిపారు. రష్యా అంతఃపురాల్లో వెండిగిన్నెల్లో పొగలు కక్కిన చాయ్ వెనక ఈ ఎడబాటు కూడా వుంది.

బేరం ఎలా జరిగేదో చెప్పాలి. డబ్బు పనికిరాదు. సరుక్కి సరుకు. మన వీధుల్లో పాత చీరలకి స్టీలు సామాను ఇచ్చే ఆవిడ గుర్తుంది కదా, అచ్చం అలాగే. ఇటు నుంచి బొచ్చుతోళ్లు, తర్వాత తర్వాత ఉన్ని బట్టలు. అటు నుంచి నూలు బట్ట, పట్టు, తేయాకు. తోలుకి ఎన్ని తానులు, పెట్టె తేయాకుకి ఎన్ని తోళ్లు అని కూర్చుని చాయ్ తాగుతూ గంటల తరబడి గీచి గీచి బేరమాడుకునేవారు. భాషకోసం రెండింటినీ కలిపి ఓ వంటకం చేసుకున్నారు. రష్యన్ మాటలే, కానీ విభక్తీ లేదు, క్రియకి రూపమూ లేదు, అంతా "నాది నీది" భాష. వ్యాకరణం లేకపోయినా బేరం తెగేది. లెక్కలు మాత్రం ఇద్దరికీ చాలా శుభ్రంగా వచ్చు.

తేయాకు నడిచిన దారి వింటే ఆశ్చర్యమేస్తుంది. దక్షిణాన ఫుజియన్ లో వూయి కొండల దగ్గర కోసిన ఆకు, కూలీల భుజాల మీదా, పడవల మీదా ఉత్తరానికి వచ్చేది. అక్కణ్ణించి ఒంటెల మీద గోబీ ఎడారి దాటి క్యాఖ్తా. క్యాఖ్తాలో పచ్చితోలు సంచుల్లో పెట్టి కుట్టేవారు, తడి తగలకుండా. అక్కణ్ణించి బైకాల్ సరస్సు, ఇర్కూత్స్క్, సైబీరియా మంచుమీద బళ్లు లాగించుకుంటూ నీజ్నీ నోవ్‌గొరోద్ తిరనాళ్లకి, ఆపైన మాస్కోకి. చెట్టు మీంచి కప్పులోకి రావడానికి ఏడాదీ, అంతకి మించీ పట్టేది. పేదవాళ్ల కోసం తేయాకు పొడిని ఇటుకల్లాగా అచ్చుపోసి పంపేవారు. అవసరమైతే ఆ ఇటుకే డబ్బుగా చెలామణీ అయ్యేది కూడా.

ఆ చలిదేశంలో నీళ్లు ఎప్పుడూ వేడిగా వుంచుకోవడానికి సమోవార్ వచ్చింది. 1778లో తూలా పట్నంలో దానికి మొదటి కార్ఖానా పెట్టారు. సమోవార్ ఎలా వుంటుందంటారా? మన ఇళ్లల్లో స్నానానికి నీళ్లు కాచుకునే రాగి బాయిలరు వుండేది గుర్తుందా? మధ్యలో బొగ్గులు పోసే గొట్టం, చుట్టూ నీళ్లు, కింద కుళాయి. దాన్ని చిన్నది చేసి, నగిషీలు చెక్కి, తలమీద చిక్కని టీ డికాక్షన్ వున్న కెటిలు కూర్చోబెడితే అదే సమోవార్. 19వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి క్యాఖ్తా గుండా రష్యాకి వచ్చే సరుకులో నూటికి తొంభై పాళ్లకి పైగా తేయాకే.

విరేచనాల మందు అన్నాను కదా. మన పచారీ కొట్లలో రేవల్చిన్ని అని దొరుకుతుంది, ఆ పేర్లో "చిన్ని" అంటే చైనాదే. ఆ వేరుకి ఐరోపా అంతటా గిరాకీ. రష్యా ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని గుత్తకి తీసుకుని, క్యాఖ్తాలో మందులు తెలిసినవాణ్ణి కూర్చోబెట్టి, ప్రతి వేరునీ తొలిచి చూసి, నాసి రకాన్ని తగలబెట్టించేది. దీంతో చైనా అధికారులకో నమ్మకం కుదిరింది. ఈ పరదేశీయులు మాంసం తిని తిని మలబద్ధకంతో బాధపడుతుంటారు, మన తేయాకూ రేవల్చిన్నీ లేకపోతే చచ్చిపోతారు అని. 1839లో లిన్ జెషూ అనే పెద్ద అధికారి విక్టోరియా రాణికి రాసిన ఉత్తరంలో కూడా ఈ మాటే ఎత్తాడు. అవతలివాడి అవసరం తెలిసినంత మాత్రాన అవతలివాడి బలం తెలిసినట్టు కాదని వాళ్లకి నల్లమందు యుద్ధాల్లో తెలిసివచ్చింది.

క్యాఖ్తా తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి వుండేదనుకోకండి. సరిహద్దులో గొడ్లు దొంగిలించారనో, పారిపోయి వచ్చినవాణ్ణి అప్పగించలేదనో కోపం వస్తే చైనా తలుపు మూసేసేది. 1785లో ఇలాగే మూసిన తలుపు 1792 దాకా తెరుచుకోలేదు. సైన్యాలు కదల్లేదు, తుపాకీ పేలలేదు. వర్తకులు మాత్రం దివాలా తీశారు. ఇరుగుపొరుగులు మాట్లాడుకోవడం మానేసినట్టు, అంతే. నా మట్టుకు నాకు ఆ పద్ధతే తర్వాత వచ్చినదానికన్నా చాలా నయమనిపిస్తుంది.

తర్వాత ఏం వచ్చింది? 1850లలో చైనా ఇల్లు నాలుగు మూలలా అంటుకుంది. లోపల తైపింగ్ తిరుగుబాటు, బయట నుంచి ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు. సరిగ్గా అప్పుడు రష్యా గవర్నరు మురవ్యోవ్ ఆమూర్ మీద పడవలతో దిగి, 1858లో ఆయిగున్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆమూర్ ఉత్తరపు ఒడ్డంతా రష్యాది అయిపోయింది. 1860లో ఇగ్నాత్యెవ్ అనే కుర్ర రాయబారి ఇంకా ఘనుడు. పెకింగులో దిగిన ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లకీ చైనా వాళ్లకీ మధ్యవర్తిగా నిలబడి, "నేను చెప్పబట్టే వాళ్లు వెళ్లిపోతున్నారు" అని చైనాని నమ్మించి, తన మధ్యవర్తిత్వానికి రుసుముగా ఉస్సూరి నదికి తూర్పునున్న నేలంతా రాయించుకున్నాడు. రెండూ కలిపి దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి మూడున్నర రెట్లు! అక్కడ సముద్రం ఒడ్డున కట్టిన రేవుకి వ్లదివస్తోక్ అని పేరు పెట్టారు, "తూర్పుని ఏలు" అని అర్థం. చైనావాళ్లు ఆ చోటుని ఇప్పటికీ తమ పాత పేరుతోనే, హైషెన్‌వై అని పిలుచుకుంటారు.

తమాషా ఏమిటంటే, నేల పోయినా పని మనుషులు మిగిలారు. ఆమూర్ ఉత్తరపు ఒడ్డున కొత్తగా వెలసిన బ్లగొవేష్చెన్‌స్క్ పట్నంలో కూరగాయలమ్మేది చైనావాళ్లు, ఇళ్లల్లో పని చేసేది చైనావాళ్లు, చిల్లర కొట్లు వాళ్లవే. 1900లో చైనాలో బాక్సర్ల తిరుగుబాటు చెలరేగింది. ఆ జూలైలో నది అవతల నుంచి పట్నం మీదికి గుళ్లు పేలాయి. భయంతో, కసితో అక్కడి రష్యా అధికారులు పట్నంలోని చైనావాళ్లందరినీ నదికి అవతలికి పంపేయమని ఉత్తర్వు ఇచ్చారు. పడవలు మాత్రం ఇవ్వలేదు. బాయినెట్లతో, గొడ్డళ్లతో నదిలోకి తోశారు. వేలమంది మునిగిపోయారు. నిన్నటిదాకా గుమ్మంలోకి కూరల గంప దించినవాళ్లూ, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లూను. అప్పటికి నాలుగేళ్ల కిందటే, 1896లో, ఈ రెండు రాజ్యాలూ జపానుకి వ్యతిరేకంగా రహస్య మైత్రి చేసుకుని రైలుమార్గం వేసుకుంటున్నాయి. పైన స్నేహపత్రం, కింద నదిలో శవాలు.

ఈలోగా ఆవిరి ఓడలొచ్చాయి, 1869లో సూయెజు కాలువ తెరిచారు, తేయాకు ఒడెస్సా రేవుకి చవగ్గా రావడం మొదలయింది. సైబీరియా రైలుతో ఒంటెల దారి పూర్తిగా చచ్చిపోయింది. క్యాఖ్తా ఇప్పుడొక చిన్న ఊరు.

20వ శతాబ్దంలో జార్లూ పోయారు, చక్రవర్తులూ పోయారు, రెండుచోట్లా కమ్యూనిస్టులే వచ్చారు. ఇక అన్నదమ్ములే అనుకున్నారంతా. 1949 డిసెంబరులో మావో స్టాలిన్ డెబ్భయ్యో పుట్టినరోజుకి మాస్కో వెళ్లి, రెండు నెలలు పడిగాపులు కాసి, 1950 ఫిబ్రవరిలో మైత్రీ ఒప్పందం చేసుకున్నాడు. 30 కోట్ల డాలర్ల అప్పు, నూటికి ఒకటి వడ్డీ. నెలకి కాదండోయ్, ఏడాదికి! ఇంజనీర్లు వచ్చారు, కార్ఖానాలు లేచాయి, 1957లో యాంగ్‌ట్సీ నది మీద వూహాన్ దగ్గర పెద్ద వంతెన పూర్తయింది.

మనసులు మాత్రం కలవలేదు. 1958లో కృశ్చేవ్ పెకింగు వస్తే మావో తన ఈతకొలనులోకి దింపి చర్చలు జరిపాడు. కృశ్చేవ్ కి ఈత సరిగా రాదు, గాలితొడుగు కట్టుకుని తేలుతూ మాట్లాడాల్సి వచ్చింది. 1960 వేసవిలో కృశ్చేవ్ నెలరోజుల్లో దాదాపు 1,390 మంది నిపుణుల్ని వెనక్కి పిలిపించుకున్నాడు. సగం కట్టిన కార్ఖానాలు అలాగే ఆగిపోయాయి. అప్పుడు చైనాలో మహాక్షామం, చనిపోయినవాళ్ల లెక్క కోట్లలో వుంది. దానికి అసలు కారణం మావో సొంత విధానాలే. కానీ గిన్నె పట్టుకుని నిలబడ్డ తల్లులకి సర్కారు చెప్పింది వేరు. రష్యా అప్పు తీర్చడానికే మనం పస్తులుంటున్నామని.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పకుండా వుండలేను. ఎలిజవేతా కీష్కినా రష్యాలో 1914లో పుట్టింది. 1936లో మాస్కోలో లీ లీసాన్ అనే చైనా కమ్యూనిస్టు నాయకుణ్ణి పెళ్లి చేసుకుంది. 1946లో భర్త వెంట చైనా వచ్చి, పెకింగులో విద్యార్థులకి రష్యన్ పాఠాలు చెప్పుకుంటూ ఇద్దరాడపిల్లల్ని పెంచుకుంది. రెండు దేశాలకీ చెడ్డాక ఆవిడ రష్యా గూఢచారి అయింది. 1967లో భర్త వేధింపుల్లో చనిపోయాడు, ఆవిణ్ణి జైల్లో పెట్టారు. ఎనిమిదేళ్లు. కూతుళ్లనీ వదల్లేదు. బయటికొచ్చాక పుట్టిన దేశానికి పోతుందనుకుంటాం కదా? పోలేదు. మళ్లీ పెకింగులోనే పాఠాలు చెప్పుకుంది, నూటొక్క ఏళ్లు బతికి 2015లో అక్కడే కన్నుమూసింది.

ఆ తగువు సెగ మన ఇళ్లకీ తగిలింది. 1964 జూలైలో మన తెనాలిలో కూడిన సమావేశం తర్వాత భారత కమ్యూనిస్టు పార్టీ నిలువునా చీలింది. మన దేశపు కారణాలు మనకున్నా, మాస్కో-పెకింగుల తగువు అందులో పెద్ద పాలే. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒకే పంక్తిలో భోంచేసిన కుటుంబాలు చెరో జెండా పట్టుకున్నాయి. మాస్కో వైపు నుంచి "సోవియట్ భూమి" పత్రిక వచ్చేది చూడండి, ఆ నున్నటి కాగితంతో పిల్లల పుస్తకాలకి అట్టలేసుకోని తల్లి ఆ రోజుల్లో వుండేదా?

1969 మార్చిలో ఉస్సూరి నదిలో దమాన్‌స్కీ అనే లంక కోసం, చదరపు కిలోమీటరు కూడా లేని లంక కోసం, ఇద్దరూ కాల్చుకున్నారు. రష్యా వైపే యాభైమందికి పైగా చనిపోయారు. ఇద్దరి దగ్గరా అణుబాంబులు! సోవియట్ ప్రధాని కొసీగిన్ ఫోను చేస్తే పెకింగు టెలిఫోను ఆపరేటరు తిట్టి పెట్టేశాడు. పెకింగు జనం ఇళ్ల కింద సొరంగాలు తవ్వారు. చివరికి సెప్టెంబరులో కొసీగిన్, చౌ ఎన్‌లై పెకింగు విమానాశ్రయంలోనే కూర్చుని మాట్లాడుకుని నిప్పు చల్లార్చారు. మామూలుగా మాట్లాడుకోవడానికి 1989లో గోర్బచేవ్ పెకింగు వెళ్లేదాకా పట్టింది. 1991, 2004 ఒప్పందాలతో సరిహద్దు గీత తేలింది. దమాన్‌స్కీ చైనాకే వెళ్లింది. 2008లో మరో లంకా, ఇంకో లంకలో సగమూ, 174 చదరపు కిలోమీటర్లు, రష్యా చైనాకి అప్పగించింది.

ఆ 1990లలో రష్యాలో జీతాలు రాని రోజులు. టీచరమ్మలు, నర్సులు, ఇంజనీరమ్మలు గళ్ల సంచులు భుజాన వేసుకుని సరిహద్దు దాటి చైనా బట్టలూ, చెప్పులూ తెచ్చి బజార్లో అమ్ముకుని పిల్లల్ని పోషించుకున్నారు. అటూ ఇటూ తిరుగుతారని వాళ్లని "మగ్గం నాడెలు" అనేవారు. ఒకప్పుడు ఆడవాళ్లని రానివ్వని బేరం మళ్లీ మొదలయింది ఎక్కువగా ఆడవాళ్ల సంచులతోనే.

2019 డిసెంబరు నుంచి సైబీరియా గ్యాసు గొట్టాల్లో చైనాకి పోతోంది. 2022 ఫిబ్రవరిలో ఇద్దరు నాయకులూ తమ స్నేహానికి హద్దుల్లేవని ప్రకటించారు. 2023లో చైనా ప్రభుత్వం తన పటాల్లో వ్లదివస్తోక్ పక్కన హైషెన్‌వై అనే పాత పేరు కూడా వేయాలని నిబంధన పెట్టింది.

బ్లగొవేష్చెన్‌స్క్ కి ఎదురుగా నది అవతల హైహె అనే చైనా పట్నం వుంది. మధ్యలో ఆమూర్ అక్కడ కిలోమీటరు వెడల్పు కూడా వుండదు. రాత్రిళ్లు ఒకరి దీపాలు ఒకరికి కనిపిస్తాయి. వేసవిలో పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బళ్లు. హైహెకి దగ్గర్లోనే ఆయిగున్ లో 1900 నాటి వాళ్లని గుర్తు చేసే మ్యూజియం వుంది. ఆ రెండు ఒడ్లకీ మధ్య లారీలు వెళ్లే మొదటి వంతెన 2022 జూన్‌లో తెరిచారు.